మ్యాక్‌లో సౌండ్ ఫోర్జ్ పెట్టుకుంటానన్న మేనకోడలికి

అమ్మలూ,

కొత్త మ్యాక్‌బుక్ కొన్నావనీ, సెలవుల్లో అమ్మమ్మ చేత మంగళహారతులు, దంపుళ్ల పాటలు పాడించి, చేతికి అలవాటైన సౌండ్ ఫోర్జ్‌లోనే (విండోస్‌లో నడిచే ఆ ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే) ఎడిట్ చేస్తావనీ మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. వెంటనే గుబులూ పట్టుకుంది. ఎనభై ఆరేళ్ల మనిషి, ఒక పాట రెండోసారి పాడుతుందని ఎవరు పూచీ?

ముందు తేలికవి. నీది ఎం చిప్పు మ్యాక్. మ్యాక్‌లో విండోస్ పెట్టుకునే పాత దారి బూట్ క్యాంప్ ఇంటెల్ మ్యాక్‌లకే, పాత వీడియోలు చూసి దానికోసం వెతక్కు. మ్యాక్ లోపలే విండోస్ నడిపించే ప్యారలల్స్ గానీ వీఎంవేర్ ఫ్యూజన్ గానీ వేసుకుని, అందులో ఎం చిప్పుకి సరిపడే ఏఆర్‌ఎం రకం విండోస్ 11 పెట్టు. ఫ్యూజన్ 2024 నవంబరు నుంచి అందరికీ ఉచితమే, విండోస్ లైసెన్సు మాత్రం విడిగా కొనాలి. నీ 16 జీబీ ర్యామ్‌లో విండోస్‌కి 8, కోర్లు 4 ఇవ్వు. డిస్కులో 100 జీబీ ఖాళీ ఉంచు. పాత ల్యాప్‌టాప్‌లో సౌండ్ ఫోర్జ్ యాక్టివేషన్ తీసేశాకే ఇక్కడ ఎక్కించు. విండోస్ లేకుండా క్రాస్‌ఓవర్‌తో నడపొచ్చంటారు గానీ లైసెన్సు దగ్గరో ప్లగిన్ల దగ్గరో పేచీ వస్తుంది. నేనైతే ఆ జోలికి వెళ్లను.

ఇక అసలు సంగతి. విండోస్‌లో రికార్డు చెయ్యకు. ఎడిటింగ్ అక్కడ, రికార్డింగ్ మ్యాక్‌లో. ఈ పనిలో అందరూ చేసే పాత తప్పు ఇదే. "సాఫ్ట్‌వేర్ తెరిచే ఉందిగా, ఎర్ర బటన్ నొక్కితే పోలా" అనుకుంటారు. మైకు శబ్దం ముందు మ్యాక్‌కి వచ్చి, అక్కడినుంచి విండోస్‌కి చూపించే ఉత్తుత్తి సౌండ్ కార్డులోకి వెళ్తుంది. మధ్యలో విండోస్ అప్‌డేట్ ఏదో కదిలినా, మ్యాక్ ఇంకో పనిలో పడినా బఫర్ (శబ్దం దారిలో క్షణం ఆగే చోటు) జారిపోతుంది. పది మిల్లీసెకన్లు పోయాయంటే 48 కిలోహెర్ట్జ్‌లో 480 శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు, పోయినట్టే. రికార్డవుతున్నంతసేపూ ఏమీ తెలియదు. తర్వాత వింటే "టిక్" మంటుంది. వేవ్‌ఫారమ్ బాగా దగ్గరికి లాగి చూడు, నున్నగా పోతున్న గీత ఒక్కచోట గోడలా నిలువునా తెగి ఉంటుంది. పెన్సిల్ టూల్‌తో ఆ గోడ చెరిపి టిక్కు పోగొట్టొచ్చు. కానీ "రోకళ్ళు" అన్నప్పుడు అమ్మమ్మ నాలుక మడతపడే ఆ చప్పుడు అక్కడే ఉంటే, అది మళ్లీ రాదు.

మైకు గుచ్చే యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌ని నేరుగా విండోస్‌కే తగిలిస్తే సరి అంటావు. నీ మొండితనం నాకు తెలియదా! ఏఆర్‌ఎం విండోస్ మామూలు ప్రోగ్రాములను అనువదించుకుని నడుపుతుంది గానీ పరికరాలను నడిపించే డ్రైవర్లను కాదు. పాత ల్యాప్‌టాప్‌లో ఇంటర్‌ఫేస్‌కి వాడిన ఆసియో డ్రైవర్ ఇక్కడ పని చెయ్యదు, ఏఆర్‌ఎం కోసం చేసినదే కావాలి. అందుకని ఇంటర్‌ఫేస్ గుచ్చగానే "మ్యాక్‌కా, విండోస్‌కా" అని అడిగితే మ్యాక్ అనే చెప్పు.

మ్యాక్‌లో రికార్డింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు. సెట్టింగుల్లో ప్రైవసీ కింద దానికి మైకు అనుమతి ఇచ్చావో లేదో చూసుకో. ఇవ్వకపోతే గంటసేపూ చదునైన గీతే రికార్డవుతుంది. 48,000 హెర్ట్జ్, మోనో, 24 బిట్ వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చెయ్యి, గంటకి దాదాపు 520 ఎంబీ. గొంతు పైకి ఎత్తినప్పుడు కూడా మైనస్ 12 డీబీ దాటనివ్వకు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వద్దు, వాటి మైకు మేలుకుంటే శబ్దం ఫోన్ కాల్ స్థాయికి దిగుతుంది.

శాంపిల్ రేటు, అంటే సెకనుకి ఎన్ని శాంపిళ్లన్నది, అన్నిచోట్లా ఒకటే ఉండాలి. మ్యాక్ ఆడియో మిడి సెటప్‌లో, విండోస్ సౌండ్ సెట్టింగుల్లో, సౌండ్ ఫోర్జ్‌లో, మూడింటా 48,000. అలా కాక 48లో తీసిన ఫైలు మీద 44.1 అని ముద్ర పడితే గంట పాట 65 నిమిషాల 18 సెకన్లకు సాగుతుంది. నాలుగు శ్రుతిలో పాడినది మూడుకీ రెండున్నరకీ మధ్య ఎక్కడో పడుతుంది. అమ్మమ్మ విని "ఇది నా గొంతేనా" అంటుంది. అలా జరిగితే కంగారుపడి రీశాంపిల్ చెయ్యకు. శాంపిళ్లు బాగానే ఉంటాయి, తప్పంతా ముద్రదే. ఆడాసిటీలో ట్రాక్ మెనూకి వెళ్లి రేటు 48,000 చేస్తే చక్కబడుతుంది.

ఎడిట్ చేసేటప్పుడు ఫైలు కాపీని విండోస్ సీ డ్రైవ్‌లోకి తెచ్చుకుని పని చెయ్యి. షేర్డ్ ఫోల్డర్ మీదే చేస్తే నత్తనడకే. అయ్యాక మ్యాక్‌కి తిరిగి పంపు. స్నాప్‌షాట్ (విండోస్ ఉన్నదున్నట్టు దాచిన నకలు) తీసి తర్వాత దానికి వెనక్కి వెళ్లావంటే డిస్కు కూడా వెనక్కి పోతుంది, మధ్యలో చేసిన ఎడిట్లన్నీ గల్లంతు. అసలు రికార్డింగ్ ఎప్పుడూ మ్యాక్‌లోనూ, ఇంకో పెన్‌డ్రైవ్‌లోనూ ఉండాలి.

ఫ్యాన్ ఆపాలి కదా, మధ్యాహ్నం పెట్టుకోకు, అమ్మమ్మకి ఉక్కపోత పడదు. తెల్లవారి కాఫీ తాగాక అరగంట ఆగి మొదలుపెట్టు. పళ్లసెట్టు పెట్టుకుందో లేదో చూడు, లేకుంటే "స"లన్నీ ఈలలవుతాయి.

మీ మావయ్య