శిబిరం ఎత్తేశాక చేయాల్సిన పని

చిరంజీవికి ఆశీస్సులు.

పునర్నిర్మాణ కమిటీ బాధ్యత నీకు అప్పగించారని విన్నాను. వరదలు, భూకంపాల తర్వాత పునరావాస పనుల్లో చాలాకాలం తిరిగినవాడిగా నాకు తెలిసింది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో రాసి పెట్టుకో నాయనా. తాత్కాలిక షెడ్లకు లాటరీ తీస్తే గొడవ ఉండదని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకు. 1995లో జపాన్‌లోని కోబె భూకంపం తర్వాత వృద్ధులకు, వికలాంగులకు ముందుగా ఇవ్వాలన్న మంచి ఉద్దేశంతోనే అలా కేటాయించారు. వాళ్లు పాత ఇరుగుపొరుగుకు దూరమై, ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య పడ్డారు. కొందరు ఒంటరిగా కన్నుమూస్తే చాలా రోజులకు గానీ బయటపడలేదు. 2004లో అదే జపాన్‌లోని నీగాతా ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు ఆ అనుభవం గుర్తుంచుకుని, పల్లెలవారీగా జనాన్ని ఒకేచోట ఉంచారు. మందులు వేసుకున్నావా అని అడిగే మనిషి పక్కనే ఉండటం ఎంత పెద్ద సాయమో ఏ నష్టం అంచనాలోనూ కనిపించదు.

ఇక పక్కా ఇళ్లు. మొత్తం ఒక కాంట్రాక్టరుకు ఇచ్చేస్తే త్వరగా అయిపోతుందనిపిస్తుంది. కానీ ఎవరి ఇల్లు వాళ్లు దగ్గరుండి కట్టించుకోవడమే మేలని నా నమ్మకం. 2001 గుజరాత్ భూకంపం తర్వాత ఎక్కువ ఇళ్లు అలాగే లేచాయి. డబ్బు విడతలుగా యజమానికే ఇచ్చారు, ఇంజనీరు చూసి సరే అన్నాకే తర్వాతి విడత. మేస్త్రీలకు శిక్షణ కూడా ఇచ్చారు. ఆ శిక్షణను మాత్రం వదలొద్దు. లింటెల్ స్థాయిలో, అంటే తలుపులు, కిటికీల పై అంచు ఎత్తులో, గోడల చుట్టూ కాంక్రీటు బ్యాండ్ ఎందుకు వేయాలో మేస్త్రీకి అర్థమైతే, ఇంజనీరు రాని రోజు కూడా పని సరిగా జరుగుతుంది.

ఊరిని దూరంగా తరలించమంటే, అక్కడి నుంచి పనికి ఎలా వెళ్తారని మొదట అడుగు.

వచ్చే సాయానికి అడ్డుకట్ట వేయడానికి మొహమాటపడకు. 2004 సునామీ తర్వాత వాడేసిన బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడ్డాయి. ఏం కావాలో, ఏం వద్దో రాసి ముందే చెప్పు.

నాలుగైదు నెలలకు జనంలో కోపం మొదలవుతుంది, నిద్ర పట్టనివాళ్లు పెరుగుతారు. నీక్కూడా టెన్షన్ తప్పదు. వారానికో రోజు పూర్తిగా సెలవు తీసుకో.

లబ్ధిదారుల జాబితా గోడకు అంటించి, పేరు రానివాళ్లెవరో నాకు రాయి. అద్దెకున్నవాళ్లే ఎక్కువగా మిగిలిపోతారు. వాళ్ల సంగతి విడిగా కూర్చుని చూద్దాం.