మిగ్ రెక్కల మీద బండల సందులు

ప్రశ్న: సార్, 1/72 సైజు మిగ్-21 మోడల్ కట్టి సిల్వర్ ఎనామెల్ వేశాను. ప్యానెల్ గీతలు (విమానం పైరేకులు కలిసేచోట ఉండే గీతలు) బాగా కనబడాలని మర్నాడే నల్ల ఎనామెల్‌ని టర్పెంటాయిల్‌లో పల్చగా కలిపి పూసి తుడిచాను. కొన్నిచోట్ల సిల్వర్ కూడా ఊడొచ్చింది, మిగతాదంతా మసి పట్టినట్టయింది. ఎక్కడ తప్పింది?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: తప్పు రెండుచోట్ల జరిగింది. మొదటిది, ఎనామెల్ మీద ఎనామెలే పూశారు. పైదాన్ని కరిగించే టర్పెంటాయిల్ కిందిదాన్ని వదులుతుందా, అదీ ఒక్కరోజు ఆరినదాన్ని? మధ్యలో అక్రిలిక్ గ్లాసీ క్లియర్ కోటు (రంగులేని మెరిసే పూత) ఒకటి వేసి కనీసం ఒక రోజు ఆగాలి. ఈ కోటు రంగుని కాపాడటమే కాదు, పైభాగాన్ని నున్నగా చేస్తుంది కాబట్టి సన్న బ్రష్ మొనతో గీత మీద ఒక్క చుక్క తాకిస్తే చాలు, రంగు దానంతటదే గీత పొడవునా పాకిపోతుంది. గరుకుగా ఉన్నచోట రంగు పట్టేసుకుంటుంది, మీకు వచ్చిన మసి అదే. పెయింట్ లేని వట్టి ప్లాస్టిక్ మీద మాత్రం థిన్నర్ పారించొద్దు, అతుకుల దగ్గర పగుళ్లొస్తాయి.

రెండోది నలుపు. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే దాదాపు అందరూ పడేది ఇక్కడే. మీ మోడల్ మీద గీత 0.2 మి.మీ. వెడల్పు ఉందనుకోండి, 72తో గుణిస్తే 14 మి.మీ. దాటుతుంది, అంటే అసలు విమానంలో చిటికెనవేలు దూరేంత సందన్నమాట! దాన్ని నలుపుతో నింపితే బేతంచెర్ల బండలు పరిచి సందుల్లో నల్ల సిమెంటు పూసినట్టుంటుంది. 1963 నుంచి 2025 సెప్టెంబర్ దాకా మన వైమానిక దళంలో ఎగిరిన విమానం కదా, ఫోటోలకు కొదవ లేదు, ఒకసారి చూడండి, కాస్త దూరం నుంచి తీసినవాటిలో చాలా గీతలు కనబడీ కనబడనట్టే ఉంటాయి. సిల్వర్ మీద ముదురు బూడిదరంగు చాలు, ఆకుపచ్చ మీదైతే ముదురు గోధుమ, తెలుపు మీద లేత బూడిద. కదిలే భాగాలున్నచోట, అంటే రెక్కల వెనక అంచున ఫ్లాపులు, ఐలెరాన్లు, తోక దగ్గర రడ్డర్, నిజంగానే సందు ఉంటుంది కాబట్టి అక్కడ మాత్రం ఇంకాస్త ముదురుగా వెయ్యండి. అన్ని గీతలూ ఒకే ముదురులో ఉంటే అది విమానంలా కాదు, డ్రాయింగ్ షీటులా ఉంటుంది.

పూసిన అరగంటకు, మన ఎండల్లో ఇంకా ముందే, థిన్నర్ తగిలీ తగలనట్టున్న ఇయర్ బడ్‌తో ముక్కు నుంచి తోక వైపుకి తుడవండి. కొంచెం చార మిగిలినా గాలివాటుకి పట్టిన మురికిలా కుదురుతుంది.

ఇప్పుడున్నదాన్ని పారెయ్యకండి. బాగా ఆరనిచ్చి 2000 నంబరు నీటి ఉప్పుకాగితంతో నెమ్మదిగా రుద్ది మళ్లీ సిల్వర్ వెయ్యండి. ఈసారి గీతల పని ముందు కడుపు కింద వేలాడే డ్రాప్ ట్యాంకు (అదనపు ఇంధనం ట్యాంకు) మీద చేసి చూసుకోండి, చెడినా ఆ వైపు పైకి తిప్పి అతికించుకోవచ్చు.