టెక్ సందేహాలు: మూడు సెన్సర్లు, మూడు రీడింగులు

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మామిడికాయలు మాగబెట్టే గదిలో వేడి కొలిచే డీఎస్18బీ20 సెన్సర్లు మూడు పెట్టి, ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డుతో రీడింగులు ఫోన్‌కి తెప్పించుకుంటున్నాను. ఒకటి 19.31, ఇంకోటి 19.88, మూడోది 20.06 చూపిస్తోంది. అప్పుడప్పుడూ ఏకంగా 85 డిగ్రీలు! ఒకటే టెన్షన్. వేరేవి కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి. ఈ సెన్సర్‌కి తయారీదారు ఇచ్చే హామీయే అర డిగ్రీ అటూ ఇటూ. గదిలో అసలు వేడి 19.7 అనుకోండి, మీ మూడూ ఆ హద్దులోనే ఉన్నట్టు. చుక్క తర్వాత రెండంకెలు కనబడగానే అంత కచ్చితమని నమ్మేస్తాం. 0.0625 డిగ్రీ మార్పును కూడా ఇది పసిగడుతుంది, నిజమే. కానీ అది మొదలుపెట్టిన అంకే అర డిగ్రీ దాకా తప్పై ఉండొచ్చు.

పైగా మాగే కాయలు వేడి పుట్టిస్తాయి, క్రేట్ల మధ్య ఒకలా, తలుపు దగ్గర ఒకలా ఉంటుంది. అందుకని ముందు మూడు ప్రోబులనూ ఒకే కట్టగా రబ్బరు బ్యాండుతో బిగించండి. అవి వాటర్‌ప్రూఫ్ స్టీలు గొట్టాలవైతే, ఫ్లాస్కులో మెత్తగా దంచిన మంచినీళ్ల ఐసు నింపి, సందులు నిండేంత చల్లటి నీళ్లు మాత్రమే పోసి అందులో దించండి. నీళ్లు ఎక్కువై ఐసు పైకి తేలితే కుదరదు, అడుగున నీళ్లు 4 డిగ్రీల దాకా ఉండొచ్చు. పావుగంట ఆగి చూస్తే ఏది సున్నాకి ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది. ఆ తేడాను కోడ్‌లో సరిచేయండి. మరిగే నీళ్లతో పరీక్ష మాత్రం వద్దు. చిత్తూరు సముద్రమట్టానికి 300 మీటర్లకు పైన ఉంది కనుక అక్కడ నీళ్లు 99 దగ్గరే మరుగుతాయి. మదనపల్లెలో అయితే 98 లోపే.

ఇక ఆ 85, వేడి కాదు. కరెంటు అందగానే సెన్సర్ మెమరీలో ఉండే అంకె అది. పూర్తి రిజల్యూషన్‌లో, అంటే ఆ 0.0625 డిగ్రీ తేడా తెలిసేలా, కొలవడానికి దానికి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. మీ కోడ్ అంతసేపు ఆగకపోయినా, వైరు లూజుగా ఉండి మధ్యలో రీసెట్ అయినా అదే వస్తుంది. కోడ్‌లో వడకట్టేయొచ్చు గానీ, ముందు జాయింట్లు, డేటా వైరుకీ కరెంటు వైరుకీ మధ్య ఉండాల్సిన 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ చూసుకోండి.

ప్రశ్న: తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ప్రాజెక్టులో పీటీ100 అనే ప్లాటినం వేడి సెన్సర్‌కి 20 మీటర్ల వైరు వేస్తే మూడున్నర డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. రీడింగులు నమోదు చేసే డేటా లాగర్ పాడైందా?

జవాబు: లాగర్‌ని అనుమానించకండమ్మా, రెండు వైర్ల కనెక్షన్ ఇచ్చి ఉంటారు. పీటీ100లో డిగ్రీకి పెరిగే నిరోధం (రెసిస్టెన్స్) 0.385 ఓమ్ మాత్రమే. అర చదరపు మిల్లీమీటరు రాగి వైరు రానూ పోనూ 40 మీటర్లంటే దాదాపు 1.4 ఓమ్‌లు. లాగర్ దాన్నీ వేడి కిందే లెక్కేసింది. మూడు వైర్ల పద్ధతికి మారండి, అప్పుడు లాగర్ వైరు నిరోధాన్ని తీసేసి లెక్కేస్తుంది. మూడూ ఒకే మందం, ఒకే పొడవు ఉండాలి. లాగర్‌లో వీలుంటే నాలుగు వైర్లు ఇంకా మేలు.

ప్రశ్న: మే నెలలో మా డాబా మీద సెన్సర్ 47 చూపిస్తే ఫోన్‌లో వెదర్ యాప్ 41 అంటుంది. ఎవరిది తప్పు?

జవాబు: మీ సెన్సర్ ఎండనీ, కాలిన సిమెంటునీ కొలుస్తోంది. గాలి ఆడే తెల్లటి గూడులో, నేలకు ఒకటింబావు నుంచి రెండు మీటర్ల ఎత్తున, మట్టి నేల మీద పెట్టి అప్పుడు పోల్చండి. యాప్ చెప్పేదీ మీ వీధి వేడి కాదులెండి.