క్రైస్తవ విశ్వవిద్యాలయంలో మధురవాణి

"నాటకాలంటే పిచ్చి. ఫాదర్లు నడిపే విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. అక్కడ విద్యార్థులు సొంతంగా నాటకాలు వేసుకోవచ్చా, బైబిలు కథలే వేయాలా?" అని అడిగారు.

నిశ్చింతగా చేరండి. బెంగళూరులో అలాంటి చోటే నేను చదివాను. తెలుగు పిల్లలం కలిసి అక్కడ కన్యాశుల్కం వేశాం. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ఆ నాటకాన్ని మొత్తం వేయడం మా తరం కాదు కాబట్టి, మధురవాణి ఇంటి రంగానికి అటూ ఇటూ కొన్ని ముక్కలు అతికి ముప్పావు గంటకు కుదించాం. దర్శకత్వం, దుస్తులు, చందాలు అన్నీ మావే. పెద్దల నుంచి కావలసింది ఒక్క సంతకం.

దానికోసం కథ సారాంశం ఇంగ్లీషులో రాసి మలయాళీ ఫాదరుగారి బల్ల మీద పెట్టాం. నాయిక మధురవాణి వేశ్య, పెళ్లికొడుకు ముసలివాడు, వితంతువుకు వల వేసే మాటకారి గిరీశం. ఇవన్నీ చదివి ఆయన కిమ్మనలేదు. ఆయన పెన్ను వచ్చి పొగాకు దగ్గర ఆగింది! గిరీశం చుట్ట కాల్చకూడదట, పొగ తాగమని చెప్పే పద్యం అసలే చదవకూడదట. "విద్యాసంస్థకు వంద గజాల లోపు సిగరెట్లు అమ్మడమే నేరం. మీరు లోపల కూర్చుని ప్రచారం చేస్తారా?" అన్నారు. 2003 నాటి చట్టంలో ఆ నిబంధన ఉన్న మాట నిజమే. బతిమాలగా బతిమాలగా వెలిగించని చుట్ట వేళ్ల మధ్య పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. పద్యం మాత్రం ఎగిరిపోయింది. మా గిరీశం చాలా రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు.

మధురవాణి వేషం కట్టింది ఒంగోలు వైపు పాస్టరుగారి అమ్మాయి. చిన్నప్పటి నుంచీ చర్చిలో పాడిన గొంతు. మైకు లేకుండా చివరి వరుసకు మాట స్పష్టంగా వినిపించింది. కాలేజీ నాటకాన్ని చంపింది మైకే అని నా గట్టి నమ్మకం. మెడకు మైకు తగిలించుకున్నవాడు ఒళ్లు కదపడు. పైగా ఇప్పుడు నాటకం పేరుతో టీవీ హాస్య కార్యక్రమాలను అనుకరించడం, దానికే న్యాయనిర్ణేతలు మొదటి బహుమతి ఇవ్వడం! క్రిస్మస్ నాటకంలో తువ్వాలు తలకు చుట్టుకుని గొర్రెల కాపరిగా నిలబడ్డ పిల్లవాడికి వీళ్లందరికన్నా రంగస్థలం బాగా తెలుసు.

ఇక మంచం సంగతి. రామప్పంతులు, గిరీశం ఇద్దరూ మంచం కింద దూరాలి, పూటకూళ్లమ్మ చీపురు దెబ్బ పంతులుకు తగలాలి. హాస్టల్లో ఉన్నవేమో రెండంతస్తుల ఇనుప మంచాలు. ఒకదాని పై అంతస్తు మరలు విప్పి పక్కన పెట్టాం. కింద అడ్డకమ్మి ఉంది. పంతులు వేసినవాడు బొద్దుగా ఉంటాడు, నడుము వరకు దూరి ఇరుక్కుపోయాడు. పూటకూళ్లమ్మ తడుముకోకుండా బయట మిగిలిన భాగం మీదే ఈనెల చీపురు ఝాడించింది. తెలుగు ఒక్క ముక్క రాని కన్నడ, మలయాళీ పిల్లలు విరగబడి నవ్వారు. ముందు వరుసలో ఫాదరుగారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం నేను తెర పక్క నుంచి చూశాను.

మతసంస్థ అంటే నాటకానికి శత్రువు అనుకునేవాళ్లకు చరిత్ర తెలియదు. జెస్యూట్లు అనే క్యాథలిక్ ఫాదర్ల సంఘం 1599లో రాసుకున్న విద్యా నియమావళిలోనే విద్యార్థుల నాటకాల ప్రస్తావన ఉంది. లాటిన్‌లో ఉండాలి, అరుదుగా వేయాలి, ఆడవేషం ఉండకూడదు అన్నారు తప్ప వద్దనలేదు. ఆడవేషం అంటే గుర్తొచ్చింది. ఎన్టీఆర్ విజయవాడ కాలేజీలో మీసం తీయకుండానే నాగమ్మ వేషం వేసి "మీసాల నాగమ్మ" అనిపించుకున్నారు. తర్వాత ఆయన చదివింది గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో. 1885లో లూథరన్ మిషనరీలు పెట్టిన ఆ కళాశాలలోనే నటుడు జగ్గయ్య కూడా చదివారు.

అసలు తలనొప్పి హాలు. ఉద్యోగాలిచ్చే కంపెనీలు వస్తే హాలు వాళ్లది, మేనేజ్‌మెంట్ వాళ్ల ఉత్సవమైతే వాళ్లది. మాకు మిగిలింది మెస్సు వెనక సిమెంటు గచ్చు. పైగా ఆడపిల్లల హాస్టలు గేటు మగపిల్లల గేటుకన్నా ముందే మూసేవారు. మధురవాణి లేకుండా మధురవాణి ఇంటి రంగం ఎలా సాధన చేయాలో ఏ ఫాదరూ చెప్పలేదు.

కాబట్టి చేరిన వారంలోనే హాలు రిజిస్టరులో పేరు రాయించుకోండి. సాధన వేళలు కాగితం మీద రాసి ఆడపిల్లల వార్డెనుకు ఇవ్వండి. బైబిలు కథంటారా, క్రిస్మస్‌కు ఎలాగూ వేయమంటారు. కాదనకండి. అప్పుడు తెచ్చిన తెరలు, లైట్లు మీ నాటకానికీ పనికొస్తాయి.