సీఎస్‌ఈలో ఏ దారి? చెరువు లెక్కల పుస్తకంతో తేల్చుకోండి

ప్రశ్న: భీమవరంలో బీటెక్ సీఎస్‌ఈ మొదటి ఏడాది చదువుతున్నాను. డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ (సెన్సర్లున్న పరికరాలను నెట్‌కు కలిపే పని), సాఫ్ట్‌వేర్‌లలో ఎటు వెళ్లాలో తేలడం లేదు. నాన్నగారు ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులు చేస్తారు.

జవాబు: కంగారు పడకండి. మొదటి ఏడాది ప్రోగ్రామింగ్, లెక్కలు అన్నిటికీ పనికొచ్చేవే. ఆనర్స్ (సొంత బ్రాంచిలోనే అదనపు చదువు) గానీ మైనర్ (వేరే బ్రాంచి సబ్జెక్టులు) గానీ తీసుకుంటే మామూలుగా 18–20 క్రెడిట్లు అదనంగా చదవాలి. ఆ బరువు ఎత్తుకునేముందు ఒక్కోదానికి రెండు వారాలిచ్చి, చేసి చూడండి.

మొదట డేటా. నాన్నగారి చెరువు లెక్కల పుస్తకంలోని డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు, మేత లెక్కలు ఎక్సెల్‌లోకి ఎక్కించండి. పైథాన్‌లో పట్టికల పనికి వాడే పాండాస్ లైబ్రరీతో తెరిచి, డీఓ లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా కిందికి పడిపోయిన వేళలు పట్టుకోండి. ఇక్కడ రెండు చోట్ల దెబ్బతింటారు. 03/04 అని రాస్తే పాండాస్ మామూలుగా మార్చి 4 అనుకుంటుంది, రోజు ముందని మీరే చెప్పాలి. రెండోది, ఖాళీ గడులను సగటుతో నింపడం. రాత్రి ఎండ లేక కొత్త ఆక్సిజన్ తయారవదు, చెరువులో ప్రాణులన్నీ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి కాబట్టి తెల్లవారుజామున డీఓ అడుగంటుతుంది. సగటు వేస్తే సరిగ్గా ఆ ప్రమాదమే కనబడకుండా పోతుంది. ఇలాంటి తప్పులు వెతకడానికి గంటలు పట్టినా విసుగు రాకపోతే డేటా సైన్స్ మీకు నప్పుతుంది. మోడల్ కట్టడం కన్నా ఈ శుభ్రం చేసే పనే ఎక్కువ ఉంటుంది మరి.

తర్వాత ఐఓటీ. ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై కంట్రోలర్ బోర్డుకు డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ కలపండి. డేటా వైరుకూ 3.3 వోల్టులకూ మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ మరవకండి. మైనస్ 127 చూపిస్తే సెన్సర్ దొరకలేదని, 85 దగ్గరే ఆగితే కొలత పూర్తవలేదని అర్థం. తప్పు కోడ్‌లో ఉందో వైరులో ఉందో వెతకడం ఇష్టమైతే ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) మిత్రులతో కలిసి మైనర్ ఆలోచించండి.

సాఫ్ట్‌వేర్ కోసం, మేత ఖాతాకు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తో చిన్న వెబ్ పేజీ కట్టి నాన్నగారి ఫోన్‌లో పెట్టండి. ఆయన వాడుతూ అడిగే మార్పులు ఓపికగా చేయగలరా అన్నది చూసుకోండి.

సైబర్ సెక్యూరిటీకి వర్చువల్‌బాక్స్‌లో (మీ కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) లినక్స్ వేసి, మీ సొంత వెబ్ పేజీ మీదే లోపాలు వెతకండి. కాలేజీ సర్వర్‌ను అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

నాలుగూ అయ్యాక, ఎవరూ అడగకుండానే ఏ పని మళ్లీ తెరిచారో చూసుకుని ఆ పేరు మాత్రమే నాన్నగారికి చెప్పండి.