లైబ్రరీ లేని మెషీన్‌లో కూడా నడిచే స్క్రిప్ట్: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పైథాన్ స్క్రిప్ట్‌ను నిన్న రాత్రి నా పాత లాప్‌టాప్‌లో నడిపాను. రెండో లైన్ దాటకుండానే మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ అంటూ ఆగిపోయింది. ప్రోగ్రెస్ బార్ చూపించే టీక్యూడీఎం లైబ్రరీ నా దగ్గర లేదట. ఫైళ్లు చదివి లెక్క తేల్చే పనికి ఆ బార్ అవసరమే లేదు. అది లేదని మొత్తం పని ఆగిపోవడం నాకు బాధగా అనిపించింది.

దీనికి మందు చిన్నదే. ఆ లైబ్రరీని తెచ్చుకునే ఇంపోర్ట్ లైన్‌ను, ఎర్రర్ వస్తే పట్టుకునే ట్రైలో పెట్టు. దొరక్కపోతే అదే పేరుతో ఒక చిన్న ఫంక్షన్ రాసుకో, ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే తిరిగిచ్చేస్తే చాలు. నువ్వు టోటల్, డెస్క్ లాంటి ఆర్గ్యుమెంట్లు కూడా పంపుతున్నావు కాబట్టి వాటిని కూడా అది పుచ్చుకోవాలి. లేకపోతే ఇంపోర్ట్ దగ్గర తప్పిన ఎర్రర్ లూప్ దగ్గర ఎదురవుతుంది.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది డేటాను టెక్స్ట్‌గా రాసే నీ జేసన్ భాగం గురించి. అక్కడ ఫాల్‌బ్యాక్, అంటే ఒకటి లేకపోతే వాడే ఇంకో దారి, పెట్టావు, సంతోషం. ఆర్‌జేసన్ లైబ్రరీ ఉంటే అది, లేకపోతే పైథాన్‌తో వచ్చే మామూలు జేసన్. కానీ ఆ రెండూ ఒకటే అనుకున్నావమ్మా. ఆర్‌జేసన్ డంప్స్ బైట్స్ ఇస్తుంది, మామూలు జేసన్ స్ట్రింగ్ ఇస్తుంది. నువ్వు ఫైల్‌ను బైనరీ మోడ్‌లో తెరిచావు కాబట్టి నా దగ్గర టైప్‌ఎర్రర్ వచ్చింది. అది సరిచేసి చూస్తే తెలుగు అక్షరాలన్నీ బ్యాక్‌స్లాష్ యూ కోడ్‌లుగా మారిపోయి ఉన్నాయి. ఎన్ష్యూర్ ఆస్కీని ఫాల్స్ చెయ్యకపోతే మామూలు జేసన్ అలాగే రాస్తుంది. కామా, కోలన్ తర్వాత అది ఖాళీ వదులుతుంది, ఆర్‌జేసన్ వదలదు. రెండు మెషీన్ల ఫైళ్లను డిఫ్‌తో పోల్చి చూసేవాళ్లకు ప్రతి లైనూ మారినట్టే కనిపిస్తుంది. అందుకని ఈ తేడాలన్నిటినీ ఒకే ఫంక్షన్‌లో దాచు. ఏ లైబ్రరీ ఉన్నా అది ఒకే రకం బైట్స్ ఇవ్వాలి. మిగతా స్క్రిప్ట్‌కు లోపల ఏది నడుస్తోందో తెలియాల్సిన పని లేదు.

ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. ఒకప్పుడు నేను తేదీలు చదవడానికి డేట్‌యుటిల్ లైబ్రరీ వాడి, అది లేకపోతే పైథాన్‌లోనే ఉన్న స్ట్రిప్‌టైమ్‌తో ముందు రోజు, తర్వాత నెల అని చదివేలా రాశాను. రెండు మెషీన్లలోనూ స్క్రిప్ట్ చక్కగా నడిచింది, ఒక్క ఎర్రర్ కూడా లేదు. నెలవారీ మొత్తాలు మాత్రం కలవలేదు. 03/04 అని ఉంటే డేట్‌యుటిల్ మామూలుగా మార్చి 4 అనుకుంటుంది, నా ఫాల్‌బ్యాక్ ఏప్రిల్ 3 అనుకుంది. 13/04 దగ్గరకొచ్చేసరికి 13వ నెల లేదు కాబట్టి డేట్‌యుటిల్ తనంతట తానే రోజును, నెలను తిప్పి సరిగ్గా చదివేస్తుంది. అందుకే పైపైన చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించాయి. లైబ్రరీ ఉన్న మెషీనే తప్పు లెక్క ఇస్తోందని తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. రోజే ముందు అని దానికి చెప్పే డేఫస్ట్ ట్రూ అన్న ఒక్క మాట రాయకపోవడం వల్ల వచ్చిన తిప్పలు అవి.

అప్పటినుంచి ప్రతి లైబ్రరీ దగ్గరా ఒకటే అడుగుతాను: ఇది లేకపోతే పని నెమ్మదిస్తుందా, జవాబు మారుతుందా? నెమ్మదిస్తే ఫాల్‌బ్యాక్ పెట్టు, స్టాండర్డ్ ఎర్రర్‌లో ఒక లైన్ రాసి చెప్పు. జవాబు మారేటట్టయితే ఫాల్‌బ్యాక్ వద్దు. ఏ లైబ్రరీ కావాలో, దాన్ని ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలో స్పష్టంగా చెప్పి, సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో ఆగిపో. అన్నిటికన్నా నిశ్చింతగా పెట్టుకోగలిగేవి టామ్‌లిబ్, టొమ్లి (రెండూ సెట్టింగ్స్ రాసుకునే టామల్ ఫైళ్లు చదివేవే) లాంటి జతలు. 2022లో పైథాన్ 3.11తో టామ్‌లిబ్ పైథాన్‌లోకే వచ్చేసింది. పాత వెర్షన్లలో టొమ్లిని అదే పేరుతో ఇంపోర్ట్ చేసుకుంటే పిలిచే తీరు కూడా మారదు.

ఇంకో మాట. ఉత్త ఎక్సెప్ట్ రాయకు, ఇంపోర్ట్‌ఎర్రర్ అని పేరు పెట్టి రాయి. ట్రై కింద ఇంపోర్ట్ లైన్ తప్ప ఇంకేమీ ఉంచకు. ఎక్స్ఎమ్ఎల్ ఫైళ్లు చదివే ఎల్ఎక్స్ఎమ్ఎల్ లాంటివి ఇన్‌స్టాల్ అయ్యే ఉండి, లోపల వాటికి కావలసిన సిస్టమ్ లైబ్రరీ దొరకనప్పుడు కూడా ఇంపోర్ట్‌ఎర్రరే వస్తుంది. అది 'లేకపోవడం' కాదు, 'పాడైపోవడం'. మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్‌ను మాత్రమే పట్టుకుని, అందులోని నేమ్ నువ్వు అడిగిన లైబ్రరీదేనా అని చూస్తే ఈ రెండూ వేరుగా తెలుస్తాయి.

చివర్లో నువ్వు రాసిన షెల్ భాగంలో ఫైల్ దించుకోవడానికి కర్ల్ లేకపోతే డబ్ల్యూగెట్ వాడావు, బాగుంది. ఏది ఉందో చూడటానికి విచ్ బదులు కమాండ్ అన్న దానికి చిన్న వీ ఇచ్చి అడుగు, అది యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో ఉన్నదే. కర్ల్‌కు చిన్న ఎఫ్ ఫ్లాగ్ తప్పకుండా ఇవ్వు. లేకపోతే సర్వర్ 404 అన్నా ఆ ఎర్రర్ పేజీనే ఫైల్‌గా దాచి, అంతా బాగుందన్నట్టు సున్నా ఇస్తుంది. డబ్ల్యూగెట్ అక్కడ సున్నా ఇవ్వదు.

ఫాల్‌బ్యాక్ దారి నీ మెషీన్‌లో ఎప్పుడూ నడవదు, ఎందుకంటే నీ దగ్గర అన్నీ ఉన్నాయి. నడిపి చూడని దారిని నమ్మకు. పైథాన్‌కు పెద్ద ఎస్ ఫ్లాగ్ ఇచ్చి స్క్రిప్ట్ నడిపితే పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకున్న లైబ్రరీలు దానికి కనపడవు. టెస్టుల్లో ఒక్కదాన్నే దాచాలంటే సిస్ మాడ్యూల్స్‌లో ఆ పేరుకు నన్ (ఏమీ లేదని చెప్పే పైథాన్ విలువ) పెట్టు, ఇంపోర్ట్ చేయబోతే లేదనే అంటుంది. పెద్ద ఎస్ ఇచ్చినప్పుడు నీ చివరి లైన్‌లోని ఉత్త ఎగ్జిట్ కూడా పనిచేయదు, దాన్ని సిస్ ఎగ్జిట్‌గా మార్చు.

ముందు తేదీల ఫంక్షన్‌తో మొదలుపెట్టు, నువ్వు కూడా డేట్‌యుటిలే వాడుతున్నావు. 03/04, 13/04 రెండూ ఇచ్చి, లైబ్రరీ ఉన్నప్పుడు ఒకసారి, దాచి ఒకసారి నడుపు. ఏం వచ్చిందో నాకు రాయి.

నీ మామయ్య