టెక్సస్‌లో ఇల్లు, న్యూయార్క్‌కు పన్ను

ప్రశ్న: మేము రెండేళ్ల కిందట జెర్సీ సిటీ నుంచి డాలస్ దగ్గరి ఫ్రిస్కోకు మారాము. ఉద్యోగం మాత్రం పాత మాన్‌హాటన్ కంపెనీలోనే. ఇంటి నుంచి పని చేసుకోవడానికి మేనేజరు ఒప్పుకున్నారు. నా జీతం 1,44,000 డాలర్లు. కిందటి సంవత్సరం 240 పనిదినాల్లో 24 రోజులు క్లయింటు పని మీద షికాగోలో, 6 రోజులు మాన్‌హాటన్ ఆఫీసులో ఉన్నాను. అమ్మ ఆపరేషన్‌కు వెళ్లి 20 రోజులు హైదరాబాద్ నుంచి పని చేశాను. టెక్సస్‌లో జీతం మీద రాష్ట్ర పన్నే లేదు. మరి న్యూయార్క్ పన్ను ఎందుకు కోస్తున్నారు? ఆ డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: కొంత వస్తుంది, ఎక్కువ భాగం రాదు. కార్యాలయం న్యూయార్క్‌లో ఉన్న ఉద్యోగి వేరే రాష్ట్రంలోని ఇంట్లో కూర్చుని పని చేస్తే, అలా చేయడం యజమాని అవసరమా, ఉద్యోగి సౌకర్యమా అన్నదే న్యూయార్క్ పన్ను శాఖ మొదట చూస్తుంది. సౌకర్యమని తేలితే ఆ రోజును న్యూయార్క్‌లో పని చేసిన రోజుగానే లెక్క కడుతుంది. మేనేజరు ఒప్పుకోవడం అనుమతి మాత్రమే అవుతుంది, కంపెనీ అవసరం కాదు. ఈ నియమం నాకూ న్యాయంగా తోచదు. కానీ కనెటికట్‌లో ఇంటి నుంచి పని చేసిన న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎడ్వర్డ్ జెలిన్‌స్కీ దీన్ని సవాలు చేయగా, న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం 2003లో రాష్ట్రం పక్షానే తీర్పు చెప్పింది.

జెర్సీ సిటీలో ఉన్నప్పుడు ఈ బాధ మీకు తెలియకపోవడానికి కారణం, న్యూయార్క్‌కు కట్టిన పన్నుకు న్యూజెర్సీ తన రిటర్న్‌లో క్రెడిట్, అంటే తన పన్నులో ఆ మేరకు తగ్గింపు, ఇవ్వడమే. అసలు పన్నే లేని టెక్సస్‌లో దేని మీద క్రెడిట్ ఇస్తారు?

మీ 240 రోజుల్లో షికాగో రోజులు 24 న్యూయార్క్ లెక్కలోంచి బయటికి వస్తాయి, ఎందుకంటే అక్కడికి మిమ్మల్ని పంపింది కంపెనీ పని. అంటే జీతంలో పదో వంతు, 14,400 డాలర్ల మీద న్యూయార్క్ పన్ను ఉండదు. షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రం కూడా ఆ రాష్ట్రవాసులు కాని ఉద్యోగుల జీతం మీద పన్నును 30 పనిదినాలు మించితేనే అడుగుతుంది కనుక అక్కడా కట్టనక్కరలేదు. హైదరాబాద్ రోజుల విషయంలో మాత్రం మీకు ఊరట లేదు: తల్లి కోసం వెళ్లడం ఎంత అవసరమైనా, అది కంపెనీ అవసరం కాదు. మీరు నిజంగా సెలవు పెట్టిన రోజులు మాత్రం ఈ లెక్కలోకే రావు.

న్యూయార్క్‌లో 14 రోజులకు మించి పని చేయకపోతే పన్ను ఉండదని మనవాళ్లలో ఒక మాట తిరుగుతూ ఉంటుంది. అది జీతంలోంచి పన్ను కోయవలసిన బాధ్యత నుంచి యజమానికి ఇచ్చిన సడలింపే తప్ప, మీ పన్నుకు మినహాయింపు కాదు.

రాబోయే సంవత్సరాలకు నేను సూచించేది ఒకటే. మీ కంపెనీకి డాలస్ ప్రాంతంలో కార్యాలయం ఉంటే, మీ అధికారిక పని స్థలాన్ని అక్కడికి మార్చమని హెచ్‌ఆర్‌ను లిఖితపూర్వకంగా అడగండి. మార్పు కాగితం మీదే కాక నిజంగానూ జరగాలి. అప్పుడు ఇదే 240 రోజుల లెక్కలో న్యూయార్క్‌కు మిగిలేవి మాన్‌హాటన్‌లో గడిపిన 6 రోజులే, అంటే 3,600 డాలర్ల జీతం. ఇప్పుడు లెక్కకు వస్తున్నది 1,29,600. కార్యాలయం లేకపోతే మీ ఇంటినే కంపెనీ కార్యాలయంగా గుర్తింపజేయాలి. ఇంటి నుంచి పని చేయడం ఉద్యోగ షరతు కావడం, మాన్‌హాటన్‌లో మీకంటూ సీటు లేకపోవడం, ఇంటి ఆఫీసు ఖర్చులో అధిక భాగం కంపెనీ భరించడం వంటి అంశాలు ఎన్నో కలిసి రావాలి. ఆ పరీక్షలో నెగ్గేవారు తక్కువే.

షికాగో రోజుల వాపసు కోసం, న్యూయార్క్ నివాసులు కానివారు దాఖలు చేసే ఐటీ-203 రిటర్న్‌తో పాటు జీతం పంపకం చూపే ఐటీ-203-బీ జతచేయండి. విమాన టికెట్లు, హోటల్ బిల్లులు, క్యాలెండరు భద్రపరచండి. అంతకు ముందటి రిటర్న్‌లో ఇలాంటి రోజులు వదిలేసి ఉంటే, దాఖలు చేసిన నాటి నుంచి మూడేళ్లలోపు సవరించుకోవచ్చు. అలాగే కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను వివరాల పత్రం డబ్ల్యూ-2లో, స్థానిక పన్ను చూపే 19వ గడి చూడండి: న్యూయార్క్ నగర పన్ను అక్కడి నివాసులకే కనుక, ఆ పేరుతో ఏమైనా కోసి ఉంటే అది పూర్తిగా మీకు తిరిగి రావలసిన సొమ్ము.